వేడి ఎక్కడ ఆగింది?

విడిభాగాలు కొని ఇంట్లోనే బిగించుకున్న కంప్యూటర్లో ప్రాసెసర్ 95 డిగ్రీలు చూపిస్తోందంటే చాలామంది మనసు ముందు కొత్త కూలర్ మీదికి పోతుంది. ఉన్నదానికంటే పెద్దది, రెండు ఫ్యాన్లది, కుదిరితే నీళ్లతో నడిచేది. డబ్బు పోసి తెచ్చి బిగించాక చాలాసార్లు మూడు నాలుగు డిగ్రీలు తగ్గి అక్కడే కూర్చుంటుంది. పుండొకచోట, మందొకచోట. ప్రాసెసర్‌లో పుట్టిన వేడి గది గాలిలో కలిసేదాకా చాలా అంచెలు దాటాలి. కూలర్ వాటిలో ఒకటి మాత్రమే. మిగతావాటిలో ఏదో ఒకటి మూసుకుపోయి ఉంటే ఎంత ఖరీదైన కూలరైనా చేతులు కట్టుకుని చూడాల్సిందే.

లెక్క మాత్రం సూటిగా ఉంటుంది. ప్రాసెసర్ బరువులెత్తదు, చక్రాలు తిప్పదు. అది లాగే కరెంటంతా వేడిగానే బయటికి రావాలి. 120 వాట్లు లాగుతోందంటే 120 వాట్ల వేడి పుడుతోందన్నమాట. ఆ వేడి సిలికాన్ ముక్క నుంచి దాని మీది లోహపు మూతకు, మూత నుంచి థర్మల్ పేస్ట్‌కు, పేస్ట్ నుంచి కూలర్ అడుగుకు, అక్కణ్నుంచి రాగి గొట్టాలకు, అల్యూమినియం రేకులకు, కేబినెట్‌లోని గాలికి, చివరికి గదికి చేరాలి. వేడి కదలాలంటే ఉష్ణోగ్రతలో తేడా ఉండాలి కాబట్టి ప్రతి అంచె దగ్గరా కొన్ని డిగ్రీలు ఖర్చవుతాయి. తిలా పాపం తలా పిడికెడు. తెర మీద కనిపించే 95 అన్నది గది ఉష్ణోగ్రతకు ఈ పిడికెళ్లన్నీ కలిపితే వచ్చిన మొత్తం. పిడికెడుకు బదులు బుట్టెడు వేసినవాళ్లెవరో పట్టుకోవడమే రిపేరు.

ఇంత చిన్న వస్తువుకు ఇంత హడావుడి ఎందుకో ఒక్క లెక్కతో తెలుస్తుంది. ఏఎండీ రైజన్ 7 5800ఎక్స్‌లో కోర్లుండే సిలికాన్ ముక్క వైశాల్యం సుమారు 80 చదరపు మిల్లీమీటర్లు. దాన్నుంచి 100 వాట్లు రావడం మామూలే. అంటే చదరపు సెంటీమీటరుకు 125 వాట్లు. 1000 వాట్ల ఇస్త్రీపెట్టె అడుగు 150 నుంచి 200 చదరపు సెంటీమీటర్లు ఉంటుంది కాబట్టి అక్కడ చదరపు సెంటీమీటరుకు ఐదు నుంచి ఏడు వాట్లే. చొక్కా మాడ్చగల పెట్టెకన్నా సుమారు ఇరవై రెట్లు చిక్కగా ఇక్కడ వేడి పుడుతోంది.

ఒకప్పుడు ఈ బాధ ఇంతగా లేదు. 1974లో ఐబీఎం ఇంజనీరు రాబర్ట్ డెన్నార్డ్, ఆయన సహచరులు కలిసి ఒక సూత్రం చెప్పారు. ట్రాన్సిస్టర్‌ను చిన్నది చేసేకొద్దీ దాని ఓల్టేజీనీ అదే దామాషాలో తగ్గించవచ్చు, కాబట్టి అదే వైశాల్యంలో ఎన్ని ఎక్కువ ఇరికించినా వేడి పెరగదు అన్నది దాని సారం. మూడు దశాబ్దాల పాటు ఆ లెక్క కంపెనీలకు అన్నం పెట్టింది. 2000ల మధ్యకొచ్చేసరికి ట్రాన్సిస్టర్లు మరీ చిన్నవైపోయి, ఆపి ఉంచినప్పుడు కూడా వాటిలోంచి కరెంటు కారడం ఎక్కువైంది. ఓల్టేజీని ఇంకా దించడానికి వీల్లేకపోయింది. 2004లో ఇంటెల్ తెచ్చిన ప్రెస్కాట్ రకం పెంటియం 4 వేగం కన్నా వేడికే ఎక్కువ పేరు తెచ్చుకుంది. దాని వెనక రావాల్సిన తేజాస్‌ను కంపెనీ అదే ఏడాది రద్దు చేసుకుంది. గిగాహెర్ట్జ్‌లు పెంచే పందెం అక్కడితో చల్లబడి, ఒకే చిప్‌లో ఎక్కువ కోర్లు పెట్టే దారి ఊపందుకుంది.

ఇక మన 95 సంగతి. బెంబేలెత్తే ముందు ఆ ప్రాసెసర్ ఏదో చూడాలి. 2022లో వచ్చిన రైజన్ 7000 వరసలో పెద్ద చిప్‌లకు, బరువైన పని మీద ఉన్నప్పుడు 95 మామూలేనని ఏఎండీయే చెప్పింది. సందు దొరికినంతమేరా వేగం పెంచుకుంటూ పోయి 95 దగ్గర ఆగేలా వాటిని తయారుచేశారు. ఇంటెల్ 13900కె లాంటి చిప్‌లకు హద్దు 100. హద్దు తాకగానే చిప్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. అప్పటికీ లొంగకపోతే కంప్యూటర్ మొత్తం ఆరిపోతుంది. మొదటినుంచీ ఇలా లేదు. 2001లో టామ్స్ హార్డ్‌వేర్ వెబ్‌సైట్ వాళ్లు నడుస్తున్న కంప్యూటర్ల మీంచి కూలర్లు ఊడదీసి వీడియో తీశారు. పెంటియం 4 నెమ్మదించి బతికి బయటపడింది, ఏఎండీ అథ్లాన్ చూస్తుండగానే పొగ వదిలింది. ఇప్పటి ప్రాసెసర్ కాలిపోతుందన్న భయం దాదాపు అక్కర్లేదు. పోయేది డబ్బు పెట్టి కొన్న వేగం, ఫ్యాన్ల రొదతో మన ప్రశాంతత. బ్రౌజర్ తెరవగానే 45 నుంచి 65కి ఎగిరి మళ్లీ దిగిపోతుంటే అది జబ్బే కాదు, ఫ్యాన్ వేగం కాస్త ఆలస్యంగా పెరిగేలా బయోస్‌లో సర్దితే చాలు. కానీ పాత చిప్‌కో, 65 వాట్ల మామూలు చిప్‌కో ఉత్త వీడియో చూస్తుంటేనే 90 దాటుతోందంటే మాత్రం ఎక్కడో అడ్డు పడింది.

అడ్డు ఎక్కడో కనిపెట్టడానికి అన్నిటికన్నా పనికొచ్చే పరికరం గడియారం. హెచ్‌డబ్ల్యూఇన్ఫో లాంటి ఉచిత ప్రోగ్రాం తెరిచి డిగ్రీలు, వాట్లు, ఫ్యాన్ వేగం మూడూ కనబడేలా పెట్టుకుని, సినీబెంచ్ లాంటి బరువైన పని అప్పగించండి. ఎన్ని డిగ్రీలకు చేరిందన్నదానికన్నా ఎంతసేపట్లో చేరిందన్నది ముఖ్యం. సిలికాన్ ముక్క వేడెక్కడానికి రెప్పపాటు చాలు, అందులో ఉన్న పదార్థమే అంత కొంచెం. కూలర్ అలా కాదు. రాగి, అల్యూమినియం కలిసి అరకిలో నుంచి కిలో దాకా ఉంటుంది, అది కాగడానికి నిమిషాలు పడుతుంది. కాబట్టి పని మొదలైన రెండు మూడు సెకన్లకే 40 నుంచి 95కి ఎగిరిందీ, ఫ్యాన్‌కు వేలు తగలకుండా కూలర్ అడుగు దగ్గర తాకితే ఇంకా చల్లగానే ఉందీ అంటే, వేడి కూలర్‌ను చేరనే లేదు. లోపం మూతకూ కూలర్ అడుగుకూ మధ్యనున్న అతుకులో ఉంది. అలా కాక వెంటనే 70కి వచ్చి, అక్కణ్నుంచి పది పదిహేను నిమిషాల పాటు పాకుతూ 95కి చేరితే అతుకు బాగానే ఉన్నట్టు. రేకుల నుంచి గాలిలోకో, కేబినెట్ నుంచి బయటికో పోవడంలో చిక్కుంది. దీనికో మినహాయింపు ఉంది. 200 వాట్లకు పైగా లాగే పెద్ద చిప్‌లు అతుకు ఎంత బాగున్నా సెకన్లలోనే హద్దుకు ఎగురుతాయి. అందుకే డిగ్రీల పక్కనే వాట్ల అంకె కూడా కనబడాలన్నది.

రెండో పరీక్షకు పైసా ఖర్చు లేదు. కేబినెట్ పక్క తలుపు ఊడదీసి అదే పని మళ్లీ చేయించడమే. ఏడెనిమిది డిగ్రీలు తగ్గిందా, కేబినెట్‌కు ఊపిరాడటం లేదు. ఒకటి రెండు తగ్గి ఊరుకుందా, కేబినెట్‌ను అనుమానించడం అనవసరం.

అతుకు మీద అనుమానం వస్తే కూలర్ తీయక తప్పదు. ఏఎండీ ఏఎం4 సాకెట్ వాళ్లు ఇక్కడ కాస్త జాగ్రత్తగా ఉండాలి. ఎండి గట్టిపడిన పేస్ట్ జిగురులా పట్టేసి ఉంటుంది, కూలర్‌ను నిటారుగా పైకి లాగితే సాకెట్ పిడి మూసి ఉన్నా సరే ప్రాసెసర్ కూడా దాంతోపాటే ఊడి వస్తుంది. 1331 పిన్నుల్లో ఏ నాలుగు వంగినా ఆ సాయంత్రం గోవిందా. ముందు కాసేపు కంప్యూటర్ నడిపి వెచ్చబడనిచ్చి, కరెంటు తీసేసి, కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ వదులు చేసి తీయాలి.

తీశాక వెంటనే తుడిచేయకండి. కూలర్ అడుగునా, ప్రాసెసర్ మూత మీదా మిగిలిన పేస్ట్ ముద్రను చూడండి. మధ్యలో పలచగా లోహం కనబడీ కనబడనట్టుగా ఉండి, అంచులకు మందం పెరిగితే ఒత్తిడి సరిగ్గా పడింది. ఒక మూల పేస్ట్ పెట్టింది పెట్టినట్టే నిగనిగలాడుతూ, ఎదుటి మూల పలచబడి ఉంటే కూలర్ ఒక పక్కకు ఒరిగి కూర్చుంది. ఇంటెల్ డబ్బాలో వచ్చే కూలర్‌కు ఇది తరచుగా జరుగుతుంది. దాని నాలుగు ప్లాస్టిక్ కాళ్లు మదర్‌బోర్డ్ రంధ్రాల్లోకి టక్కుమని దిగాలి. మూడు దిగి నాలుగోది దిగినట్టు నటిస్తుంది. ఎదురెదురు మూలలు జతగా నొక్కి, బోర్డు వెనక్కి తిప్పి చూసుకోవాలి. నాలుగు కాళ్ల మొనలూ ఒకే ఎత్తున బయటికి రావాలి. ఇంటెల్ ఎల్‌జీఏ 1700 సాకెట్‌లో ఇంకో తిరకాసుంది. ప్రాసెసర్‌ను పట్టే లోహపు చట్రం రెండు పక్కల మధ్యలోనే నొక్కడంతో మూత కాస్త వంగి, నడుమ గుంటపడుతుంది. ఆ చట్రం బదులు బిగించుకునే ప్రత్యేక ఫ్రేములు అందుకే అమ్ముతున్నారు.

ఇక కూలర్ అడుగున అంటించి వచ్చే పారదర్శక ప్లాస్టిక్ పొర. దాన్ని పీకడం మరిచిపోయి బిగించినవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. నవ్వేముందు లెక్క చూద్దాం. పొర మందం 0.1 మిల్లీమీటరనుకుందాం, మూత వైశాల్యం సుమారు 10 చదరపు సెంటీమీటర్లు. ప్లాస్టిక్ ఉష్ణవాహకత మీటరుకు డిగ్రీకి 0.2 వాట్ల ప్రాంతంలో ఉంటుంది. 120 వాట్లు దాన్ని దాటాలంటే 60 డిగ్రీలు ఖర్చు. కాగితమంత పొరకు! అదే మందంలో వాహకత 5 ఉన్న మామూలు పేస్ట్ అయితే ఖర్చు రెండున్నర డిగ్రీలు. వేడి మూత నడుమే గుమిగూడుతుంది కాబట్టి నిజంలో రెండూ ఇంకొంచెం ఎక్కువే ఉంటాయి. అయినా విషయం అర్థమైంది కదా. పేస్ట్ బ్రాండు మార్చి ఐదు డిగ్రీలు తగ్గిద్దామనుకోవడం అత్యాశ, ఎండి బీటలు వారిన పాత పేస్ట్ తీసి ఏ మంచి రకమైనా కొత్తగా పెట్టడం అవసరం.

పేస్ట్ గురించి ఒక అపోహ ఉంది, ఎక్కువ రాస్తే ఎక్కువ చల్లదనమని. రాగి వాహకత సుమారు 400. ఎంత మంచి పేస్టయినా అందులో నలభయ్యో వంతుకు అటూ ఇటూగానే ఉంటుంది. అది లోహానికి పోటీ కాదు. రెండు లోహపు ముఖాలు ఆనుకున్నా కంటికి కనపడని గుంటల్లో గాలి మిగులుతుంది. గాలి వాహకత 0.026. ఆ గాలిని వెళ్లగొట్టి గుంటలు నింపడమే పేస్ట్ పని. పాతది ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, మధ్యలో బఠాణీ గింజంత పెట్టి కూలర్‌ను సమానంగా బిగిస్తే అదే పరుచుకుంటుంది. మూత వెడల్పుగా ఉన్న చిప్‌లకు ఇంకాస్త.

మూత కిందా ఒక అతుకుంది, అది మన చేతిలో లేదు. 2012లో వచ్చిన ఐవీ బ్రిడ్జ్ చిప్‌లలో ఇంటెల్ ఆ చోట లోహపు అతుకైన సోల్డర్ మానేసి పేస్ట్ పెట్టింది. ఔత్సాహికులు కొందరు బ్లేడుతో మూతలు ఊడదీసి మరీ పేస్ట్ మార్చుకున్నారు. 2018లో 9900కెతో సోల్డర్ తిరిగొచ్చింది.

అతుకు బాగుందని తేలితే చూపు రేకుల వైపు తిప్పాలి. కూలర్‌లో నిజమైన చమత్కారం ఆ రాగి గొట్టాలది. చూడ్డానికి కమ్మీల్లా ఉన్నా లోపల బోలు. గాలి తీసేసి కొద్దిగా నీరు పోసి మూసేస్తారు. ఒత్తిడి తక్కువ కాబట్టి ఆ నీరు వంద డిగ్రీల దాకా ఆగదు, ప్రాసెసర్ వైపు కొస కాస్త వెచ్చబడగానే ఆవిరవుతుంది. ఆవిరి రెండో కొసకు పరిగెత్తి రేకుల దగ్గర వేడి వదిలి నీరవుతుంది. గొట్టం లోపలి గోడకున్న సన్నని రంధ్రాల పొర ఆ నీటిని ఒత్తిలాగా వెనక్కి పీల్చుకుంటుంది. 1944లోనే జనరల్ మోటార్స్‌కు చెందిన రిచర్డ్ గాగ్లర్ పేరిట ఇలాంటిదానికి పేటెంట్ ఉన్నా పట్టించుకున్నవాళ్లు లేరు. 1963లో లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ దీన్ని విడిగా కనిపెట్టి పేరు పెట్టాక, ముందు అంతరిక్ష నౌకల్లోకి, తర్వాత మన బల్ల మీదికి వచ్చింది. ఈ గొట్టాలు అరుగుదలకు లోనయ్యే రకం కాదు. చెడేది ఫ్యాన్, పూడేది రేకుల సందులు.

మన ఇళ్ల దుమ్ములో ఏడాది తిరిగేసరికి ఫ్యాన్ కింద రేకుల మీద నూలు పోగులు, వెంట్రుకలు కలిసి పరుపులా పేరుకుంటాయి. పైనుంచి చూస్తే ఫ్యాన్ బాగానే తిరుగుతుంటుంది, గాలి మాత్రం దిగదు. ఫ్యాన్ ఊడదీసి చూస్తేనే తెలుస్తుంది. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కలు కదలకుండా వేలితో పట్టుకోండి, లేకపోతే బేరింగ్ దెబ్బతింటుంది.

కేబినెట్ గాలి లెక్క ఎవరూ వేసుకోరు. ఒక ఘనపు మీటరు గాలిని ఒక డిగ్రీ వేడి చేయడానికి సుమారు 1200 జౌళ్లు కావాలి. కేబినెట్‌లోంచి సెకనుకు 24 లీటర్ల గాలి పోతోందనుకుంటే అది డిగ్రీకి సుమారు 29 వాట్ల చొప్పున మోసుకుపోతుంది. ప్రాసెసర్ 120, గ్రాఫిక్స్ కార్డు 200, మొత్తం 320 వాట్లు. అంటే బయటికొచ్చే గాలి గదికన్నా 11 డిగ్రీలు వేడిగా ఉంటుంది. ముందు జాలీ దుమ్ముతో మూసుకుపోయి గాలి సగమైతే ఆ 11 కాస్తా 22. ప్రాసెసర్ కూలర్ పీల్చేది దాదాపు ఆ గాలినే. ముందంతా అద్దం బిగించి, లోపల మూడు రంగుల ఫ్యాన్లు పెట్టి, వాటికి గాలి వచ్చే దారి మాత్రం సన్నని చీలిక వదిలిన కేబినెట్లు అందంగానే ఉంటాయి, నేనైతే కొనను. ఫ్యాన్లు ఎటు ఊదుతున్నాయో కూడా చూసుకోండి. మామూలు ఫ్యాన్‌లో ఫ్రేముకు కమ్మీలున్న వైపు నుంచి గాలి బయటికొస్తుంది. ముందువి లోపలికి, వెనకది బయటికి ఊదాలి.

ఇంతవరకూ ప్రపంచంలో ఎక్కడైనా ఒకటే. చివరి అంచె దగ్గరే మన కథ వేరవుతుంది. కూలర్ల సమీక్షలు ఎక్కువగా 20 నుంచి 25 డిగ్రీల గదుల్లో జరుగుతాయి. ఒక కూలర్ 120 వాట్ల దగ్గర ప్రాసెసర్‌ను గదికన్నా 60 డిగ్రీలు ఎక్కువలో నిలబెడుతుందనుకుందాం, అంటే వాట్‌కు అర డిగ్రీ. 22 డిగ్రీల గదిలో అది 82, సమీక్షలో భేష్ అంటారు. మే నెలలో రామగుండంలోనో, రెంటచింతలలోనో ఏసీ లేని మేడ మీది గదిలో 38 ఉంటే అదే కూలర్, అదే చిప్, అదే పేస్ట్ 98 చూపిస్తాయి. ఏదీ చెడిపోలేదు. డిసెంబరులో బాగున్న కంప్యూటర్ ఏప్రిల్‌లో జబ్బుపడినట్టు కనిపించడానికి చాలాసార్లు కారణం ఇదే. నీళ్ల కూలర్ పెట్టినా గది ఉష్ణోగ్రత కిందికి దించడం దాని తరం కాదు, దాని రేడియేటర్ కూడా ఆ గాలికే వేడి అప్పగించాలి.

గదిలో ఎయిర్ కూలర్ పెట్టవచ్చా అని అడుగుతుంటారు. హైదరాబాద్ ఎండాకాలపు పొడి గాలిలో అది నిజంగానే గదిని బాగా చల్లబరుస్తుంది, విజయవాడ ఉక్కపోతలో అంతగా పనిచేయదు. తేమకు కంప్యూటర్ పాడవుతుందన్న భయం అతి. నీరు పట్టేది చుట్టూ ఉన్న గాలికన్నా చల్లటి వస్తువుల మీద, నడుస్తున్న కంప్యూటర్‌లో అన్నీ వెచ్చగానే ఉంటాయి. తుంపర నేరుగా కేబినెట్ మీద పడకుండా దూరంగా పెడితే చాలు.

గది మన చేతిలో లేనప్పుడు మిగిలింది వాట్లు తగ్గించడం. చాలామంది చివరికి వదిలేసే ఈ పనే మన ఎండలకు మొదటి మందు అని నా ఉద్దేశం. చిప్ ఖర్చు చేసే శక్తి ప్రధానంగా ఓల్టేజీ వర్గంతో, వేగంతో పెరుగుతుంది. 1.25 ఓల్టులను 1.15కు దించితే శక్తి 15 శాతం పడిపోతుంది. వేగం కూడా 5 శాతం తగ్గించుకుంటే 120 వాట్లు కాస్తా 97కు దిగుతాయి. వాట్‌కు అర డిగ్రీ చొప్పున 48 డిగ్రీలు, 38 డిగ్రీల గదిలో 86. అదే కూలర్‌తో 12 డిగ్రీలు లాభం. పైగా చల్లబడ్డ చిప్‌లో కారిపోయే కరెంటు కూడా తగ్గుతుంది కాబట్టి అసలు లాభం ఇంకొంచెం ఎక్కువే. ఐదు శాతం వేగం పోయిందని కొలిస్తే తప్ప తెలియదు.

కొత్త రైజన్‌లలో ఎకో మోడ్ ఒక్కటి పెడితే ఈ పనంతా అదే చేసుకుంటుంది. ఇంటెల్ బోర్డుల్లో ముందు వాట్ల పరిమితి ఎంతుందో చూడాలి. 13900కెకు ఇంటెల్ రాసిన గరిష్ఠం 253 వాట్లు. సమీక్షల్లో తమ బోర్డు నాలుగు అడుగులు ముందుండాలని కొందరు మదర్‌బోర్డ్ తయారీదారులు ఆ చోట 4096 అని పెట్టి పంపారు, అంటే పరిమితే లేదని. 13, 14 తరాల చిప్‌లు కొన్ని అతి ఓల్టేజీ వల్ల అస్థిరపడుతున్నాయని 2024లో ఇంటెల్ ఒప్పుకుని, మైక్రోకోడ్ సవరణ ఇచ్చి, వారంటీ రెండేళ్లు పొడిగించింది. ఆ తరాల చిప్ ఉన్నవాళ్లు బయోస్ అప్‌డేట్ చేసుకోవడం వేడి కోసమే కాదు, చిప్ ఆయుష్షు కోసం కూడా.

ఓల్టేజీని ఒక్కసారే దించేయకూడదు. 0.02, 0.03 ఓల్టుల చొప్పున దించుతూ, ప్రతిసారీ బరువైన పని అరగంట నడిపి చూడాలి. నీలి తెర వచ్చినా, ప్రోగ్రాం దానంతటదే మూసుకుపోయినా ఒక మెట్టు వెనక్కి రావాలి. ప్రతి కొలతతో పాటు గది ఉష్ణోగ్రతా రాసుకుని, దాన్ని తీసేసి మిగిలిన తేడానే పోల్చాలి. లేకపోతే రాత్రి పది గంటలకు దిగిన నాలుగు డిగ్రీలు మన ఘనత అనుకుంటాం. కుదిరిన అమరికను బయోస్‌లో వేసవికి ఒకటి, చలికాలానికి ఒకటిగా ప్రొఫైల్ పేరుతో దాచుకోవచ్చు. అంకెలు కాగితం మీద కూడా ఉంచుకోండి. బయోస్ అప్‌డేట్ చేస్తే అమరికలన్నీ మొదటికి వస్తాయి, చాలా బోర్డుల్లో దాచిన ప్రొఫైల్ కూడా చెరిగిపోతుంది.